కొండవైపు కుర్చీలు

ఎనభై మూడో సంవత్సరం వేసవిలో, తిరుపతి స్టేషను దగ్గరున్న తన టిఫిను హోటలు మిద్దె మీద మునిరత్నం బారు తెరిచాడు. బారు పెట్టాడు గానీ జనం బారు కట్టలేదు. తప్పు బీరుది కాదు, మునిరత్నం తెలివిది. కొండ కనబడితే గిరాకీ పెరుగుతుందని కుర్చీలన్నీ నేరుగా తిరుమల కొండ వైపు తిప్పి వేయించాడు.

చీరల కొట్టు చిన్నబ్బా, నేనూ మొదటి వారమే వెళ్ళాం. చల్లగాలి, వేడి మిరపకాయ బజ్జీలు, చెమట పట్టిన సీసా. పిట్టగోడ పక్కన మునిరత్నం తల్లి దేవకమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఒకప్పుడు ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన మనిషి. మోకాళ్ళు మొరాయించాయి, ఘాటు రోడ్డు బస్సు కడుపుకి పడదు. అందుకని రోజూ దీపాల వేళకి మిద్దె మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి వచ్చి, ఇక్కడి నుంచే కొండకి మొక్కుకుంటుంది.

చిన్నబ్బ గ్లాసు పెదవి దాకా తెచ్చాడు. అప్పుడే కొండ మీద మెట్ల దారి దీపాలు వరసగా వెలిగాయి. దేవకమ్మ చేతులు జోడించింది. చిన్నబ్బ గ్లాసు కింద పెట్టి లెంపలు వేసుకున్నాడు.

"సామి చూస్తాండాడబ్బా."

"ఆయన పనులు ఆయనకుండాయిలే, తాగు."

"నువ్వు తాగు, చూస్తాను."

నావల్లా కాలేదు. కుర్చీ వెనక్కి తిప్పితే స్వామికి వీపు చూపించినట్టు. అడ్డంగా తిప్పితే చూపు మాటిమాటికీ కొండ మీదికే పోయి, మేడ ఎక్కినందుకు మెడ పట్టేసింది. చుట్టూ అందరిదీ అదే అవస్థ. ఆకాశం నిండా చుక్కలే, గొంతులోకి మాత్రం చుక్క దిగదు.

మునిరత్నం దిగులుగా వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా, బీరు బాగలేదా?"

"బీరు బాగుండాది. ఎదురుగా కొండ ఉండాది కదా, అదీ తంటా. ఆ పక్క తడిక కట్టించు," అన్నాను. సలహా ఇచ్చేటప్పుడు నా గొంతు పక్క వీధికి కూడా వినబడుతుంది.

తడిక కట్టారు, గొంతులు తడిశాయి. వారం తిరగకముందే కుర్చీలు చాలలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ బల్లబల్లకీ వెళ్ళి ఆ కథ చెప్పాను.

తడిక కట్టిన రోజు దేవకమ్మ కూడా ఎప్పటిలాగే పైకి వచ్చిందట. పిట్టగోడ దాకా వెళ్ళి, తడికని చేత్తో తడిమి, "బాగా అల్లినారు నాయనా" అని కొడుకుతో చెప్పి దిగిపోయిందట. ఈ సంగతి మునిరత్నం నాకు వారం తర్వాత చెప్పాడు.

"మళ్ళా పైకి రాలేదప్పా. అడిగితే మోకాళ్ళంటాది. మోకాళ్ళు కాదు. రేపు తడిక ఇప్పేస్తా."

"ఇప్పేస్తే ఈడికి ఎవురొస్తారు?"

"రాకపోతే మూసేస్తా. మా యమ్మ కంటే ఎక్కువా ఇది?"

తడిక మాట నాది. ఆ రాత్రి కథ చెప్పడానికి ఏ బల్ల దగ్గరికీ వెళ్ళలేదు. పక్కనే ఉన్న చిన్నబ్బ అంతా విన్నాడు.

మర్నాడు సాయంత్రం మిద్దె నిండుగా ఉంది. దీపాల వేళ అవుతుండగా చిన్నబ్బ లేచి వెళ్ళి తడిక తాళ్ళు తనే విప్పసాగాడు.

"మునిరత్నం, పెద్దామెను పిల్చకరాపో."

"మరి మా గ్లాసులు?" వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు.

"బల్లల కింద పెట్టండి. పది నిమిషాలు ఒక్కపొద్దు ఉండలేరా?"

గ్లాసులన్నీ కిందికి పోయాయి. బజ్జీల ప్లేట్లు కూడా ఎందుకో కిందికే పోయాయి. తడిక ఒరిగింది. మునిరత్నం చెయ్యి పట్టుకుని దేవకమ్మ మెట్లెక్కి వచ్చేసరికి మేమంతా లేచి నిలబడ్డాం. ఆమె పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. దీపాలు కింద నుంచి పైకి వెలుగుతూ పోయాయి. ఆమె చేతులు జోడించింది, వెనక మేమూ జోడించాం.

చాలాసేపటికి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మా వైపు తిరిగింది.

"కాళ్ళు తగిలి గ్లాసులు పొర్లిపోతాయి నాయనా, చూసుకోని కూర్చోండి," అని కొడుకు భుజం పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

మర్నాడే తడికకి కప్పీ, తాడూ వచ్చాయి. దీపాల వేళకి తాడు లాగి తడిక పైకెత్తే పని నాకు అప్పగించారు. ఆ పది నిమిషాలూ నోరు మూసుకునే పని కూడా.