కొసరు మూత

రోజూ పొద్దున్నే కాఫీ తాగి, జుట్టు ముడేసుకుని, ముసలామె తన చేపల చెరువులోకి దిగేది. అరగంట మునిగి, అడుగున చేపలెలా ఉన్నాయో చూసుకుని పైకొచ్చేది. చెవుల వెనక ఆమెకి మొప్పలు. ఆ ఇంట్లో ఒకరివి మూసుకుంటే ఇంకొకరికి తెరుచుకుంటాయి. తెరుచుకున్నవాళ్లు రోజుకొక్కసారైనా, అదీ చేపలున్న నీళ్లలోనే, మునగకపోతే ఊపిరాడదు. చుట్టుపక్కల చేపలున్నది ఆ చెరువులోనే. దిండు తడిసిపోతోందని కోడలు సణగడం తప్ప దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

కొడుకు కాలవ ఎగువన కూరగాయల తోటల్లో పురుగుల మందు కొట్టేవాడు. ట్యాంకుకి రెండు మూతలు చాలని సీసా మీద రాసుంటే, మనవాడు మూడోది కూడా పోసేవాడు.

"కూరగాయలకే కొసరేస్తారు, పురుగులకి వెయ్యొద్దా?" అని నవ్వేవాడు.

పని కాగానే ట్యాంకు కాలవలోనే కడిగేవాడు. పారే నీళ్లు కదా, కొట్టుకుపోతుందనుకున్నాడు. పోయింది, నిజమే. ఎక్కడికి పోయిందంటారు? తిన్నగా అమ్మ చెరువులోకి.

ఒకరోజు ముసలామె ఐదు నిమిషాలకే పైకొచ్చేసింది.

"అడుగున ఒక్కటీ లేదురా. అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. కొన్ని పక్కకి ఒరిగిపోయి గుండ్రంగా తిరుగుతున్నాయి."

కొడుకు ట్యాంకుని గోడ వెనక్కి జరిపాడు. "ఎండలకేమోలే అమ్మా," అన్నాడు.

మూడో రోజుకి చాలా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నాలుగో రోజు ముసలామె గ్లాసు బల్ల మీద పెట్టబోయి గాల్లో వదిలేసింది. చేతులు ఒకటే వణుకు. వరండాలో నడుస్తూ ఓ పక్కకి ఒరిగి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. కోడలు అత్తగారిని రెండు చేతులా పట్టుకుని కూర్చోబెట్టి, మొగుణ్ని డాక్టరు కోసం పరిగెత్తించింది.

డాక్టరు మొప్పలు విప్పి చూశాడు. ఎర్రగా ఉండాల్సినవి పాలిపోయి, జిగురుకట్టి ఉన్నాయి.

"మీ ఇంట్లో పురుగుల మందు వాడేదెవరు?"

కోడలు మొగుడి వైపు తిరిగింది.

"నేనే. ట్యాంకుకి రెండు మూతలు," అన్నాడతను నేల చూస్తూ.

"మూడోది కూడా చెప్పరా," అంది ముసలామె కళ్లు మూసుకునే. "నాకు రుచి తెలీదనుకున్నావా?"

అమ్మ ఇన్నాళ్లూ తెలిసే మునిగిందన్నమాట. మునగక ఏం చేస్తుంది పాపం!

డాక్టరు ఇచ్చిన సూదిమందుతో, రోజుకి రెండు నిమిషాలే ముంచుతూ, ప్రాణం నిలబెట్టారు. వారానికి మొప్పలు మూసుకుని అతుక్కుపోయాయి. ఇక మామూలు మనిషే, గండం గడిచిందని కోడలు కళ్లు తుడుచుకుంది. కొడుకు మందు సీసాలు ఎక్కడివక్కడ వదిలేసి గుమ్మంలో కూలబడ్డాడు.

అప్పుడొచ్చింది ఆరేళ్ల మనవరాలు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ అది పిడుగే.

"నాన్నా, చెవుల వెనక ఒకటే దురద."

పిడుగు జుట్టు పైకెత్తి చూపించింది.  అటో గీత, ఇటో గీత, ఎర్రగా అప్పుడే తెరుచుకుంటున్నాయి.

"చెరువులోకెళ్తా నాన్నా, ఊపిరాడట్లేదు," అంటూ పిడుగు పరుగు తీసింది.

గట్టు మీద అందుకున్నాడు. ఎన్నిసార్లు తోమినా మందు వాసన పోని అరచేతులు పిల్లకి తగలకుండా, మోచేతులతో పొదివి పట్టుకున్నాడు. చెరువులో ఇంకా బతికున్న పదో పన్నెండో చేపలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పిల్ల నోరూ అలాగే తెరుచుకుంటోంది.

వెనకాలే ముసలామె గోడ పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఈ నీళ్లెప్పటికి బాగవుతాయే?" అని ఏడ్చాడు.

"నన్నడుగుతావేంరా? ఎన్ని మూతలు పోశావో నీకే తెలియాలి," అంది ముసలామె. "ముందు దాన్ని వదులు. మునగనీ."