అక్సెంతే ఆదివారపు గొంతు

సాయం పెట్టె బిగించడానికి దెలియా అనే పిల్ల వచ్చిన రోజున అక్సెంతే చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. గడ్డం గీసుకున్నాడు, పెళ్లినాటి కోటు తొడిగాడు, గంటసేపు ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. జియు లోయ గనుల్లో ముప్పై ఏళ్లు బొగ్గుదుమ్ము మింగిన మనిషి. బయటివాళ్ల ముందు చేతగానివాడిలా కనబడడమంటే ఆయనకు తలకొట్టేసినట్టే.

"రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి తాతా. టీవీలో ఎవరో అరిస్తే అంబులెన్స్ రాకూడదుగా, అందుకని పెట్టె మీ గొంతుకే పలుకుతుంది. 'సాయం' అంటే చాలు," అంది దెలియా.

పెట్టె గొంతు గుర్తుపెట్టుకోడానికని ఆ పిల్ల ఇచ్చిన పది వాక్యాలూ అక్సెంతే వార్తలు చదివేవాడిలా గడగడా చదివేశాడు.

"నా వెంట పడ్డ రోజుల్లో కూడా ఇంత కమ్మగా మాట్లాడలేదయ్యా," అంది భార్య వెతూరియా. ఇది చర్చికి వెళ్లే ఆదివారపు గొంతమ్మా, రోజూ ఉండేది కాదు, అని ఆ పిల్లతో మాత్రం అనలేదు. మొగుడి పరువు తియ్యడమెందుకని ఊరుకుంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆవిడ రొట్టె తెచ్చేసరికి అక్సెంతే వంటింటి గోడవారగా పడి ఉన్నాడు. పెదాలు నీలం. చేతిలో గరిటె. పక్కనే పాత వేడినీళ్ల గొట్టం. గని కూలినప్పుడు చిక్కుకున్నవాళ్లు గొట్టం మీద మూడు దెబ్బలు కొడతారు, విన్నవాళ్లు వస్తున్నామని రెండు కొడతారు. కింది అంతస్తులో ఉండేదీ గనివాడే. వినబడితే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేవాడు. కానీ ఎవరి బాయిలర్ వాళ్లు పెట్టుకున్నాక ఆ గొట్టాన్ని ఏ అంతస్తుకా అంతస్తు కోసేశారు.

పాతిపెట్టిన మూడో రోజున దెలియా పెట్టె తీసుకెళ్లడానికి వచ్చింది.

"మా ఆయన పిలవలేదా?" అంది వెతూరియా.

"పిలిచారవ్వా, పదకొండుసార్లు. ఊపిరాడక గొంతు మారిపోయింది. అది తాతేనని పెట్టెకు తెలియలేదు."

"వినిపించు."

"వద్దవ్వా."

"నలభై ఏళ్లు విన్న గొంతే. పెట్టు."

గరగరమనే ఊపిరి. మధ్యమధ్య పెట్టె మర్యాదగా, "గుర్తుపట్టలేకపోయాను, కొంచెం స్పష్టంగా చెప్పండి," అంటోంది. వెతూరియాకు ప్రతి మాటా తెలిసింది. తన పేరు కూడా ఉంది అందులో. తరువాత మాటలు ఆగిపోయి మూడు దెబ్బలు వినిపించాయి. కాస్సేపాగి, మళ్లీ మూడు.

"ఈ చప్పుడేమిటో మాకు అంతుపట్టలేదు," అంది దెలియా.

వెతూరియా లేచింది. బల్లమీది గరిటె తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి, ఆ గొట్టం మీద రెండు కొట్టింది.