జోజమ్మ సాక్ష్యం

మూడో గిన్నె బియ్యం కడిగి పొయ్యి మీదికి ఎక్కించేసరికి జోజమ్మకు ఊపిరి అందలేదు. గోడకు చెయ్యి ఆనించి, ఎవరైనా చూస్తే బూజు ఎక్కడుందో వెతుకుతోంది అనుకునేలా పైకి చూస్తూ నిలబడింది. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు, నూనె చింది మచ్చలు పడ్డ ముంజేతులు. దుమ్ముగూడెం ఆడపిల్లల హాస్టల్లో పందొమ్మిదేళ్లుగా వంట ఆమెదే. ఒంట్లో బాగాలేదని ఒక్క పూట సెలవు పెట్టి ఎరగదు.

ఇప్పుడు పెడదామన్నా వీల్లేదు. ఈస్టరు ఆదివారం చర్చిలో లేచి, ప్రభువు తన ఆయాసం తీసేశాడని సాక్ష్యం చెప్పింది. ఆ రోజు నిజంగానే లేదు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఆ మాట బయటపెడితే దేవుణ్ణే అబద్ధాలకోరును చేసినట్టని ఆమె భయం. పిచ్చి మనిషి, ఏడు నెలలుగా నోరు కుట్టేసుకుంది.

పదింటికి నర్సు ఫ్లోరెన్స్ ఆరోగ్య సర్వేకు వచ్చింది. అదే చర్చిలో పాటలు పాడే పిల్ల.

"పెద్దమ్మా, నీ ఆరోగ్యం ఎట్లుంది? చాలా మంచిగ, మంచిగ, పర్వాలేదు, బాగలేదు. ఏది రాయాలె?"

"చాలా మంచిగ అని రాయి. నాకేంది, గుండ్రాయి లెక్కున్న."

ఆ కాస్త మాటకే జోజమ్మ రెండుసార్లు ఆగింది. ఫ్లోరెన్స్ రాయలేదు. పక్కన చతికిలబడి, సంచిలోంచి బిళ్ళల అట్ట తీసింది.

"షుగరు తగ్గిందని నేను సాక్ష్యం చెప్పిన, యాదికున్నదా? తగ్గింది, మళ్ల పెరిగింది. పొద్దున గూడ బిళ్ళ మింగిన. మందులు గూడ దేవుడిచ్చినయే, మింగు బిడ్డా అన్నది పాస్టరమ్మ."

జోజమ్మ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. సగానికి పైగా ఖాళీ. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"అయితే బాగలేదని రాయి. అస్సలు బాగలేదు బిడ్డా. రాత్రిళ్లు కూసొనే పంటున్న. కాళ్లు వాస్తున్నయి."

ఫ్లోరెన్స్ కాలు నొక్కి చూసింది. వేలి గుంట అలాగే ఉండిపోయింది.

"జల్దీ నడువు. భద్రాచలం దవాఖానాకు పోదాం."

సాంబారు ఎవరు పెడతారని అడగబోయి జోజమ్మ ఊరుకుంది. వంటలో సాయం చేసే రూప్లి ఉందిగా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అందరూ చూస్తుండగానే, దాచుకోకుండా నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది.

వంటింట్లో, పందొమ్మిదేళ్లు ఆమె నడుమున వేలాడిన స్టోరు గది తాళంచెవి, పసుపంటిన దారంతో సహా గోడ మేకుకు తగిలించి ఉంది.