బిళ్ళ దాటిన కాలు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటడం లేదు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు వాసంతికి బోలెడంత తీరిక దొరికింది. ఊరికే కూర్చుంటే ఒళ్ళు తుప్పు పడుతుందనుకునే రకం ఆమె. అందుకని ఎప్పుడో ఒక శిబిరంలో నేర్చుకున్న డిస్క్ గోల్ఫ్‌ను ఖాళీగా ఉన్న బడి మైదానంలో మొదలుపెట్టింది. వెల్డింగ్ షాపువాడిని బతిమాలి ఇనుప గుంజలకు బుట్టలూ, వాటిపైన వేలాడే గొలుసులూ పెట్టించింది. పళ్ళెంలాంటి డిస్కును విసురుకుంటూ పోయి చివరికి ఆ బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లతో వేసినవాడిదే గెలుపు.

ఆడటానికి దొరికింది ఇద్దరే. ఒకడు సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవరు మహేష్, నల్గొండ వైపు కుర్రాడు. పొద్దంతా ధర్నాలో నినాదాలిచ్చి బొంగురు గొంతుతో సాయంత్రానికి దిగేవాడు. రెండో ఆయన బడి ఎదురింటి త్రినాథరావు. కోనసీమ నుంచి వచ్చి, లారీ ఆఫీసులో పనిచేసి రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఈమధ్య వీధి చివర ఎవరో కుర్రాళ్ళు "ఎప్పుడు పోతున్నరు సార్ మీ ఊరికి?" అని అడిగారట. అప్పటినుంచి ఆయన కూరగాయలకు కూడా బయటికి రావడం లేదు. ఈ ఆట ఒక్కటే ఆయన్ని గడప దాటిస్తోంది. ఇదీ మానేసి, ఇల్లమ్ముకుని వెళ్ళిపోతాడేమోనని వాసంతికి బెంగ.

ఈ ఆటలో అసలు తంటా అంతా కాలితోనే. డిస్కు పడ్డచోట చిన్న గుర్తుబిళ్ళ పెట్టి, దాని వెనకే కాలూని విసరాలి. బుట్ట పది మీటర్ల లోపుంటే ఇంకో మెలిక: విసిరాక తూలకుండా నిలబడి చూపించాకే బిళ్ళ దాటాలి. ముందే దాటితే, తోటివాళ్ళలో ఒకరు మూడు సెకన్లలో తప్పు అనాలి, ఇంకొకరు అవుననాలి. ఒక్కరి మాట చెల్లదు. తన తప్పు తనే చెప్పుకున్నా చెల్లదు.

ఆ సాయంత్రం ఆఖరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి మహేష్, త్రినాథరావు సమానంగా ఉన్నారు. మహేష్ విసిరింది గొలుసులకు తగలకుండా పక్కనుంచి పోయింది. త్రినాథరావు బిళ్ళ వెనక నిలబడి, గురిచూసి వేశాడు. గొలుసులు గలగలమన్నాయి. కానీ ఆయనకు మోకాలి నొప్పి పాతది. ఒళ్ళు ముందుకు తూలి, కుడికాలు బిళ్ళకు అవతల పడింది.

"కాలు దాటింది!" అని మహేష్ అరిచాడు. "నువ్వు సూసినవ్ గదక్కా?"

వాసంతి చూసింది, స్పష్టంగా చూసింది. కానీ ఇద్దరు తెలంగాణ వాళ్ళు కలిసి ఆ పెద్దాయన మీద పడ్డట్టుంటుందని ఆమెకు మనసొప్పలేదు.

"నేను సరిగ సూడలే మహేష్. ఎండ కండ్లల్ల పడ్డది."

మహేష్ ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే తియ్యి. అంకులే గెలిచిండు."

త్రినాథరావు మొహంలో గెలిచిన కళ లేదు. డిస్కు తీసుకుని నెమ్మదిగా వాసంతి దగ్గరికి వచ్చాడు.

"ఎండ నీ వీపు వైపుందమ్మాయ్," అన్నాడు.

వాసంతి వంగి గుర్తుబిళ్ళ తీయబోయింది. ఆయన వదల్లేదు.

"మొన్న మహేష్ కాలు దాటితే మైదానమంతా వినపడేలా అరిచావు. నన్నొక్కణ్ణే ఎందుకు వదిలేశావు? ఆ కుర్రాళ్ళేమో నన్ను పొమ్మన్నారు. నువ్వేమో చుట్టపుచూపుగా వచ్చినవాడికి చేసినట్టు మర్యాద చేశావు. నాకు రెండూ ఒకటేనమ్మా."

వాసంతి సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని నిలుపుకోవాలనుకుంటూ తానే ఆయన్ని పరాయివాణ్ణి చేసింది.

"తప్పయింది అంకుల్," అంది. "గని టైమ్ దాటిపోయింది. ఇప్పుడు చెప్తే చెల్లదు."

"అయితే ఇంకో బుట్ట ఆడదాం. ఈ గెలుపు నాకొద్దు."

మళ్ళీ ఆడారు. ఈసారి మహేష్ మామూలుగా బుట్టలో వేసేశాడు. సమం చేయాలంటే త్రినాథరావు కూడా వేసి తీరాలి. వేశాడు, గొలుసులు మోగాయి, మోకాలు మళ్ళీ మోసం చేసింది.

"తప్పు!" మహేష్ నోరు తెరిచేలోపే వాసంతి అరిచింది.

"అవ్, నేను గూడ సూసిన," అన్నాడు మహేష్.

మొదటి తప్పుకు హెచ్చరిక చేసి, మళ్ళీ విసరమంటారు. త్రినాథరావు విసిరాడు. డిస్కు గుంజకు కొట్టుకుని కింద పడింది.

"ఏం కళ్ళమ్మా మీవి, గద్ద కళ్ళు!" అంటూ ఆయన గట్టిగా విసుక్కున్నాడు. ఓడినందుకు నిజంగానే కోపం వచ్చింది. చెమట తుడుచుకుని మహేష్ వైపు వేలు చూపించాడు. "ఆగవయ్యా, రేపు నీ కాలు మీంచి నా చూపు కదిలితే ఒట్టు."

‘రేపు’ అన్నాడాయన. వాసంతికి కళ్ళు చెమర్చాయి.