వెనక సీటు కింద ఊపిరి

నేను ఒక హైబ్రిడ్ కారు బ్యాటరీని. హారన్ మోగించడానికీ, లైట్లు వెలిగించడానికీ కారులో ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది. నేను అది కాదు. దానికి జబ్బు చేస్తే కారు కదలదు కాబట్టి అందరూ పరుగెత్తుకొస్తారు. నేను నీరసపడినా బండి చాలాకాలం నడుస్తూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. అందుకే నా సంగతి మనుషుల చెవికెక్కడానికి ఆలస్యమవుతుంది.

నా చోటు వెనక సీటు కింద. జనం నా మీదే కూర్చుంటారు, నా మీదే పోట్లాడుకుంటారు, నా మీదే నిద్రపోతారు. కాబట్టి మనుషులను నేను ముఖాలతో గుర్తుపట్టను. బరువుతో, మాటతో గుర్తుపడతాను. ఇన్నేళ్లలో ఈ పద్ధతి నన్ను పెద్దగా మోసం చేయలేదు.

దుమ్ము చొరబడని ఒక పెద్ద గదిలో నన్ను తయారు చేశారు. నేను ఒక్కదాన్ని కాదు. పక్కపక్కనే పేర్చి, పట్టీలు బిగించిన బోలెడు చిన్న బ్యాటరీల ఉమ్మడి కాపురం నాది. అందులో ఒకటి డీలా పడితే మిగతావన్నీ దాని బరువు మోయాలి. బండి మెల్లగా కదిలేటప్పుడు నేను లాగుతాను. వేగం అందుకున్నాక ఇంజన్ లాగుతుంది. డ్రైవరు కాలు తీసినప్పుడు, మెల్లగా బ్రేకు నొక్కినప్పుడు, చక్రాల పరుగు వృథాగా పోకుండా కరెంటై నా దగ్గరికి వస్తుంది. దాన్ని దాచిపెట్టి మళ్ళీ ఖర్చు చేస్తాను. నేను కోరేవి రెండే: తొందరపడని కాలు, చల్లటి గాలి.

గాలి సంగతి కొంచెం చెప్పాలి. వెనక సీటు పక్కన, తలుపు దగ్గర చిన్న జాలీ ఒకటి ఉంటుంది. దాని వెనక ఫ్యాను. నాకు వేడెక్కితే ఆ ఫ్యాను తిరిగి, కారులోపలి గాలిని నా దగ్గరికి లాగుతుంది. అంటే మీరు పీల్చే గాలే నేనూ పీలుస్తాను. మీకు ఉక్కపోస్తే నాకూ ఉక్కే. ఈ సంగతి ముందు అరలో ఉండే పుస్తకంలో అచ్చువేసి ఉంది. ఆ పుస్తకం మీద కళ్ళజోళ్ళు, మాత్రల అట్టలు, మిగిలిన వేరుశనక్కాయలు పెట్టడం చూశాను కానీ, ఎవరూ తెరవడం చూడలేదు.

నన్ను మొదట కొన్నాయన హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టేవాడు. గాలి పాడైపోతోందనీ, అందుకే ఈ కారు కొన్నాననీ ఎక్కిన ప్రతివాళ్ళతో అనేవాడు. అంటూనే సిగ్నల్ పడగానే తరుముతున్నట్టు దూకించేవాడు, తర్వాతి సిగ్నల్ దగ్గర నిలువునా బ్రేకు తొక్కేవాడు. అలా తొక్కితే నాకు వచ్చేది తక్కువ, బ్రేకులు అరిగేది ఎక్కువ. మోజు తీరాక ఇంకా పెద్ద కారు కొనుక్కున్నాడు. దాని గురించి ఏం చెప్పుకుంటున్నాడో నాకు తెలియదు.

తర్వాత విశాఖపట్నంలో ఒక లెక్చరరు చేతికి వచ్చాను. ఆయన కాలు వెన్నలాంటిది. కానీ మైలేజీ చూపించే తెరకు భక్తుడు. అంకె తగ్గుతుందని మే నెలలో కూడా ఏసీ వేసేవాడు కాదు.

"మాడిపోతున్నామండీ" అనేది ఆయన భార్య నా మీద కూర్చుని.

"అద్దం దించుకో. గాలి ఊరికే వస్తుంది కదా?" అనేవాడు ఆయన.

ఊరికే వచ్చే గాలితోపాటు దుమ్ము కూడా ఊరికే వచ్చింది. అది జాలీ నిండా పేరుకుంది. పైగా ఆ వేడిగాలితో నా ఒళ్ళు చల్లబడదు. నన్ను పొదుపు చేస్తున్నాననుకుంటూ ఆయన నా ఆయుష్షు ఖర్చుపెట్టాడు. కొన్నాళ్ళకు "ఈ కంపెనీ బళ్ళు ఇంతే" అని నిట్టూర్చి అమ్మేశాడు.

అప్పుడు తుని నుంచి లోవరాజు వచ్చాడు.

లోవరాజు లారీ డ్రైవరు. నాగపూర్, రాయపూర్ లోడ్లకు వెళ్ళేవాడు. కూతురు పుట్టిన కబురు అతనికి ఎక్కడో దాబాలో అందింది. ఇల్లు చేరేసరికి పాపకు బొడ్డు కూడా ఊడిపోయింది. ఆ రోజే లారీ మానేస్తానని భార్య మంగవేణికి మాటిచ్చాడట. కారు కొని, అన్నవరం, కాకినాడ కిరాయిలు తిప్పుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరాలన్నది వాళ్ళ ఆలోచన. మైలేజీ ఎక్కువిస్తుందని నన్ను ఎంచుకున్నారు. నేను ఇస్తే అతను ఇంట్లో ఉంటాడు. ఇవ్వకపోతే మళ్ళీ లారీ. ఇంత బరువు నా మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

కారు ఇంటికి తెచ్చిన రోజున వెనక సీట్లో మంగవేణి, ఒళ్ళో పాప, పక్కన అత్తగారు పైడమ్మ. మంగవేణికి ఒక అలవాటుంది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తుంది. ఆ దారిలోనే ఎన్నోసార్లు చూసి ఉంటుంది.

"ఎన్నిసార్లెడతావే ఆ ఏలు? పిల్ల నిద్రోయింది, మరేటీ అవ్వలేదు" అంది పైడమ్మ.

"కదలట్లేదు అత్తా."

"నిద్రోయిన పిల్ల కదుల్తదేటే? నీ మొగుడు చిన్నప్పుడు ఇలాగే పడుకునేవోడు. ఇప్పుడూ అంతే."

"ఇప్పుడు స్టీరింగు పట్టుకున్నానమ్మా, నిద్ర మాటలు మాటాడకు" అన్నాడు లోవరాజు.

అప్పుడే ఎండకు వేడెక్కి నేను ఫ్యాను తిప్పుకున్నాను. జాలీ దగ్గర రొద మొదలైంది. సరిగ్గా పాప తల పక్కనే.

"మావా! ఇక్కడేదో గాలి కొడతోంది. పాప చెవి దగ్గరే!"

పచ్చిబాలింత ఇంట్లో గాలి అనే మాట ఎంత పెద్దదో మీకు తెలుసు. కిటికీ సందులో గుడ్డలు కుక్కుతారు, చెవుల్లో దూది పెడతారు, తలకు గుడ్డ కడతారు. పైడమ్మ వెంటనే సంచిలోంచి పాప బొంత తీసింది. పాత నూలుచీరలు మడతలు వేసి తనే కుట్టిన బొంత. దాన్ని జాలీలోకి గట్టిగా కుక్కింది. రొద అణిగిపోయింది. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు లోవరాజు కొత్త సీటు కవర్లు తొడిగించాడు. బొంత వాటి వెనక ఉండిపోయింది.

ఆ వేసవంతా నేను ఊపిరాడకుండా పనిచేశాను. నా ఒళ్ళు వేడెక్కితే బండి నన్ను పక్కన పెట్టి అంతా ఇంజన్ మీద వేస్తుంది. మైలేజీ వారానికి వారం దిగజారింది. తర్వాత తెరమీద ఎర్రగుర్తు వెలగడం మొదలైంది. సలహాలకు లోటు లేదు. టైర్లలో గాలి పెంచమన్నాడొకడు. ట్యాంకు నింపే ఉంచమన్నాడొకడు. షోరూములో బ్యాటరీ మార్చాలన్నారు. అది తమ వల్ల అయ్యే పని కాదని మొగుడూ పెళ్ళాలు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

లోవరాజు దగ్గర సొంత చిట్కా ఒకటుంది. అన్నవరం కొండ దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో జారవిడిచేవాడు. లారీలో నేర్చుకున్న పొదుపు అది. అలా చేస్తే కొండంత దిగుడు నుంచి నాకు చుక్క కరెంటు రాదు. ఒకసారి వెనక కూర్చున్న మంగవేణి, కరెంటు ఎటు పోతోందో బాణాలతో చూపించే తెరవైపు చూస్తూ అంది:

"మావా, నువ్వు ఆ కర్ర కదపగానే బ్యాటరీ వైపొచ్చే బాణం ఆగిపోతంది."

"లారీ తోలేవా నువ్వు?"

"లేదు."

"మరైతే కూకో. బాణాలు లెక్కెడతందంట."

ఆమె ఊరుకుంది. ఆమె ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని నాకు అప్పటికి తెలియదు.

లారీ ఓనరు ఫోన్లు ఎక్కువయ్యాయి. "ఎక్కువ ఆలోచించకురా లోవా, సోమవారం లోడుంది" అనేవాడు. చివరికి లోవరాజు ఒప్పుకున్నాడు. కారు కొనడానికి పాయకరావుపేట నుంచి సూర్రావు అనే ఆయన ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు. మంగవేణి ఏడవలేదు. "పాప నిన్ను గుర్తుపట్టడం ఇప్పుడిప్పుడే మొదలెట్టింది" అని మాత్రం అంది. లోవరాజు టైరును కాలితో తన్నాడు.

ఆదివారం పొద్దున అన్నవరానికి కిరాయి ఉంది. అమ్మేముందు బండి శుభ్రంగా కనబడాలని మంగవేణి తెల్లారగానే సీటు కవర్లు విప్పింది. బొంత కూడా బయటికి లాగింది. అది నల్లగా మాడు పట్టినట్టుంది. ఆమె దాన్ని ఉతకడానికి పక్కన పడేసి, పాపను సీటు మీద పడుకోబెట్టి, లోపల తుడవసాగింది. లోవరాజు బండి స్టార్ట్ చేసి ఏసీ వేశాడు. నిన్నటి వేడి నాలో ఇంకా ఆరలేదు కాబట్టి ఫ్యాను తిరిగింది, ఎన్నో నెలల తర్వాత నేను ఊపిరి లాగాను.

పాప టోపీకి ఒక రిబ్బను ఉంది. అది లేచి వచ్చి నా జాలీకి అతుక్కుంది.

మంగవేణి దాన్ని లాగింది. వదిలింది. మళ్ళీ వచ్చి అతుక్కుంది. ఆమె వేలు తీసుకొచ్చి జాలీ దగ్గర పెట్టింది, పాప ముక్కు దగ్గర పెట్టినట్టే.

"మావా, ఇది ఊదట్లేదు. పీలుస్తోంది."

"ఏటి పీల్చేది?"

"బండి. మనం దీని ముక్కు మూసేశాం."

లోవరాజు నవ్వబోయి ఆగాడు. పైడమ్మ గుమ్మంలోంచి అరిచింది: "బండికి ముక్కేటే? రేపు దానిక్కూడా ఉగ్గెడతావా?"

"నువ్వే గదమ్మా బొంత కుక్కింది" అన్నాడు లోవరాజు.

"నా మనవరాలికి గాలి కొట్టకుండా కుక్కాను. నీ బండికి పీనసం వత్తదని నాకేటి తెల్సు?"

మంగవేణి ఈ మాటలేవీ వినడం లేదు. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో జాలీలోని దుమ్ము గోకుతోంది. లెక్చరరు గారి నాటి దుమ్ము అది. "ఈ ఒక్క కిరాయీ బొంత లేకుండా ఎల్లు. కొండ మీంచి దిగేటప్పుడు గేరు ముట్టుకోకు. ఈ ఒక్కసారి" అంది.

కొత్త పెళ్ళివాళ్ళు వ్రతానికి ఎక్కారు. ఏసీ చల్లగా ఉంది. దారంతా నేను తేలిగ్గా లాగాను. ఎర్రగుర్తు వెలగలేదు. కొండ దిగేటప్పుడు లోవరాజు చెయ్యి అలవాటుగా గేరు మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది. వెనక వాళ్ళు ఫొటోలు చూసుకుంటున్నారు. చెయ్యి వెనక్కి వచ్చేసింది. పెళ్ళాం చెప్పిన మాటను మగవాళ్ళు ఇలాగే, ఎవరూ చూడనప్పుడు పాటిస్తారు. కొండ దిగిన పరుగంతా నాలోకి వచ్చింది. అడుగుకు చేరేసరికి నేను నిండుగా ఉన్నాను.

సాయంత్రం సూర్రావు ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంగవేణి పాపను ఎత్తుకుని సందు చివరికి చెవి పెట్టి నిలబడింది. అన్ని రోజులూ ఇంజన్ గొంతు చించుకుంటే గానీ బండి సందులోకి వచ్చేది కాదు. ఆ రోజు ఇంజన్ పడుకుంది. నేనొక్కదాన్నే లాగి, చప్పుడు లేకుండా గుమ్మం ముందు ఆపాను.

"ఏరా, తోసుకొచ్చావేటి?" అంది పైడమ్మ కంగారుగా.

లోవరాజు దిగి మంగవేణి వైపు చూడకుండా సూర్రావుతో అన్నాడు: "బండి అమ్మనండి."

"అదేంటయ్యా, మాటిచ్చావుగా?"

"నేను మాటిచ్చింది నిన్నటి బండికండి. ఇది వేరు."

సూర్రావు చిరాకు పడ్డాడు. కాఫీ తాగి, రెండు మాటలు అనే వెళ్ళాడు. తర్వాత లోవరాజు నా మీదే కూర్చుని లారీ ఓనరుకు ఫోన్ చేశాడు. "ఇంకొకర్ని చూసుకోండి. మా పాప నన్ను గుర్తుపట్టడం నేర్చుకుంటంది" అన్నాడు. గేరు సంగతి మాత్రం మంగవేణికి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. తర్వాతిసారి కొండ దిగుతున్నప్పుడు తెర చూసుకుంది, అంతే.

ఇంత వేడి తిన్నాక నాకు పాత బలం పూర్తిగా రాలేదు. కానీ చాలినంత వచ్చింది. మంగవేణి దోమతెర ముక్క కత్తిరించి జాలీకి అడ్డంగా కట్టింది. దుమ్ము పట్టగానే విప్పి ఉతికేది. బండిని ఎండలో పెట్టనిచ్చేది కాదు. సామాన్లు జాలీకి ఆనించిన ప్రయాణికులతో లోవరాజు చేత గొడవ పెట్టించేది. చివరికి జాలీ పైన ఒక కాగితం అంటించింది: 'ఇక్కడ సామాను పెట్టరాదు, ఊపిరాడదు.' ఎవరికి ఊపిరాడదో తెలియక ప్రయాణికులు అటూ ఇటూ చూసి, సంచులు ఒళ్ళో పెట్టుకునేవారు.

లోవరాజు రోజూ ఇంటికి వచ్చాడు. పాప నా మీద కూర్చుంది, నిలబడింది, గెంతింది, బిస్కెట్లు రాల్చింది. స్కూలు సంచితో ఎక్కినప్పుడు బరువు చూసుకుని ఎంత పెరిగిందో అనుకున్నాను. నాలోని చిన్నవాళ్ళు ఒక్కొక్కరూ అలిసిపోయారు. అది ఎవరి తప్పూ కాదు. వయసు.

నిరుడు నన్ను విప్పారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక షాపు వెనక రేకుల షెడ్డులో ఉన్నాను. నాలో ఇంకా ఓపిక ఉన్న ముక్కల్ని ఏరి వేరే బళ్ళలో పెడతారట. మిగతావి కరిగిస్తారట. దుఃఖమేమీ లేదు. నన్ను తయారు చేసిన గదికీ దీనికీ తేడా దుమ్మే.

విప్పిన రోజు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కొత్తదాన్ని నా చోట బిగించారు. లోవరాజు బండి స్టార్ట్ చేసి, "పద, పద, చీకటి పడతంది, పాప ఎదురు చూస్తాది" అన్నాడు. నన్ను అప్పటికే తోపుడుబండి మీద పడేశారు. వెనక తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

"ఉండు మావా. ముందు వేలెట్టి చూడనీ."