కింద చల్లగా ఉండాలి

నా భార్య సముద్రంలో తేలాడే సన్నటి జీవాల మీద పనిచేసేది. జంతుప్లవకాలంటారు, చేపల కడుపు నిండేది వాటితోనే. నీళ్లు వేడెక్కితే అవి ఏమవుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ ఒకటి తయారుచేసింది. అందులో ఏ కొత్త భాగం రాసినా ముందు నాకు చెప్పేది. నేను బడిపంతులుని. నాకు అర్థమయ్యేలా చెప్పబోతే తన తప్పులు తనకే కనబడతాయనేది. నన్ను ‘మా ఐదో తరగతి’ అని పిలిచేది.

ఆమె పోయాక వంటగది బల్ల దగ్గర రెండో కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

మొన్న ఆదివారం పొద్దున, ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆమెని అక్కా అనేది కాబట్టి నేను బావగారిని.

“బావగారూ, అక్క మోడల్‌ని మూలన పడేస్తారట. రేపే మీటింగ్. పోయినేడు అంత ఎండలు కాశాయి కదా, ఆ వేడి ఇచ్చి నడిపిస్తే అన్నీ చచ్చిపోతున్నాయి. అసలు సముద్రంలోనేమో కొంచెం తగ్గినా వలకి బాగానే పడ్డాయి.”

“నేనేం చెయ్యగలను?”

“మీరు ఐదో తరగతి కదా! ఈపాటికి పాసైపోయారేమోనని భయపడుతూ వచ్చాను.”

“లేదులే, అక్కడే ఉన్నాను. కూర్చో.”

ఆ కుర్చీలోనే కూర్చుంది. టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

“ఇందులో పంచదార ఏది?”

“అక్క వేసుకునేది కాదు. నాకూ అదే అలవాటైంది. పాఠం చెప్పు.”

“ఇవి చీకటి పడ్డాక మేతకి పైకొస్తాయి. తెల్లారేసరికి కిందికి దిగుతాయి, చేపల కంట పడకుండా. పైన వేడెక్కితే ఇంకా లోతుకి పోతాయి. అక్క అదంతా రాసింది.”

“మరి దిగుతున్నాయా?”

“ఆ, దిగి మరీ చస్తున్నాయి.”

“ఎందుకు?”

“వేడికి.”

“కింద కూడా వేడేనా?”

“కింద చల్లగా...” అని ఆగిపోయింది. లాప్‌టాప్ మీదికి వంగి చాలాసేపు వెతికింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

“నేనిచ్చింది ఉపగ్రహం కొలిచిన వేడి. దానికి పైనీరే కనిపిస్తుంది బావగారూ. ఆ వేడినే అడుగుదాకా ఇచ్చేశాను. పాపం, దిగినా వాటికి చల్లటి చోటు ఎక్కడుంది? నా తలకాయ!”

లోతుల్లో నిజంగా కొలిచిన వేడి ఎక్కించి మళ్లీ నడిపింది. ఈలోగా నేను కప్పులు కడిగాను. వెనక్కి తిరిగేసరికి తెర మీద నీలం చుక్కలు కిందికి దిగుతున్నాయి. చీకటి గంటల్లో కొన్ని పైకొచ్చాయి. మామూలు ఏడాదికంటే తక్కువేనట.

“తగ్గాయి. కానీ ఉన్నాయి. వలలో పడ్డ లెక్కకీ దగ్గరగానే ఉంది,” అంది.

ఉన్నాయి అన్న మాట నాకు బాగుంది. దానికి వేరే అర్థాలేవీ వెతకలేదు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది.

“అక్క మోడల్ ఉంటుందన్నారు! వచ్చే ఆదివారం కొత్త పాఠం. ఎగ్గొట్టారంటే ఊరుకోను.”

“ఎగ్గొట్టను.”

ఫోన్ పెట్టేసి, పంచదార కొనడానికి వెళ్లాను.