పిస్టన్ తల మీది మసి

షెడ్డులో పడున్న నా పాత కారు ఇంజనుకి కరిగించి పోసిన పోత పిస్టన్లు వెయ్యాలా, సాగ్గొట్టి చేసే ఫోర్జింగువి వెయ్యాలా అని తేల్చుకోడానికి మూడు వారాలు పట్టింది. అడిగినవాళ్లలో ఒకడి మాటకీ ఇంకొకడి మాటకీ పొంతన లేదు. "ఆ కారుకి పిల్లనిస్తున్నావా ఏంటి?" అని మా ఆవిడ లొరెట్టా ఎత్తిపొడిచాక, అసలు సైజుకన్నా ముప్పై పాయింట్లు, అంటే అంగుళంలో ముప్పై వెయ్యో వంతులు, పెద్దవి ఎనిమిది తెప్పించాను. అరిగిన సిలిండర్ల లోపలి గోడల్ని ఆ మేరకు కోసి బిగిస్తే సరి.

వాటినీ, ఇంజను బ్లాకునీ, పాత పిస్టన్లనీ టోలిడో ఊళ్లో సిలిండర్లు కోసే బోరింగు పని చేసే డెల్బర్ట్ దగ్గర దించాను. డెబ్బై దాటిన ఆ పెద్దమనిషి నా కొత్త సరుకు వంక కన్నెత్తి చూడలేదు. మసి పట్టిన పాత పిస్టనొకటి తీసి, దాని తల మీద చాకుతో గీకాడు.

"దీన్ని గీకి చూశావా?"

"పారేసేదాన్ని గీకడమెందుకండీ?"

"చదువు."

మసి కింద అరవై అని ఉంది. అంటే బ్లాకుని ఇంతకుముందే అరవై పాయింట్లు కోసేశారు. నా పిస్టన్లు అందులో డబ్బాలో గులకరాళ్లే.

"ఇంకా పెద్దవి తెస్తాను."

"కొయ్యడానికి గోడేది? చిల్లు పడి, ఇంజన్ని చల్లబరిచే నీళ్లు లోపలికి కారతాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏ వెధవండీ ఇంత లోతుగా కోసింది?"

డెల్బర్ట్ చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే. ముప్పైతో సరిపోయేది. అప్పటి ఓనరూ నీలాగే పిస్టన్లు ముందే కొనుక్కొచ్చాడు, అరవైవి."